సీమ మూడు జిల్లాల్లో రక్త క్యాన్సర్ల లెక్క: రేటు ఎట్లా కట్టాలి, మంచాలూ మందులూ ఎట్లా తేల్చాలి?

మండల_లెక్క · సోమవారం, ఉదయం 7.40

ఉమ్మడి కర్నూలు, అనంతపురం, కడప జిల్లాలకు కలిపి రక్త క్యాన్సర్ల సేవల మీద ఒక ప్రణాళిక రాయాలి. డే కేర్ కుర్చీలు (పొద్దున వచ్చి మందెక్కించుకుని సాయంత్రం ఇంటికి పోయేవాళ్ళకు) ఏ ఊర్లో ఎన్ని, కర్నూలులో ల్యుకేమియా (తెల్లకణాల క్యాన్సర్) మంచాలు ఎన్ని, మందులు, ప్లేట్‌లెట్లు ఏడాదికి ఎంత అన్నది తేలాలి. 2011 జనగణనలో కర్నూలు 40,53,463, అనంతపురం 40,81,148, కడప 28,82,469. మొత్తం కోటీ పది లక్షలు. కేసుల కోసం చేతికి దగ్గరగా ఉన్నవి కర్నూలు పెద్దాసుపత్రి రిజిస్టరు, ఎన్టీఆర్ వైద్య సేవ క్లెయిములు. ఈ రెండూ కూడి, జనాభాతో భాగించి, లక్షకు ఇంతమంది అని రాస్తే నిలబడుతుందా? నిలబడకపోతే ఎక్కడ కూలుతుందో విడమరిచి చెప్పండి. ఎంత పొడుగైనా చదువుతాను.

కొండారెడ్డిబురుజు · సోమవారం, ఉదయం 9.15

నిలబడదన్నా. ఆసుపత్రి రిజిస్టరు చెప్పేది ఆ గడప ఎవరు తొక్కారన్నది మాత్రమే. జిల్లాలో జబ్బు ఎవరికొచ్చిందన్నది వేరే లెక్క. మన సీమలో ఈ రెండింటి మధ్య దూరం చానా ఎక్కువ. హిందూపురం, మడకశిర, కదిరి వాళ్ళకు బెంగళూరు కిద్వాయ్ దగ్గర. రాజంపేట, రైల్వేకోడూరు వాళ్ళు తిరుపతి స్విమ్స్‌కో, వెల్లూరు సీఎంసీకో పోతారు. కర్నూలు, డోన్ వాళ్ళు హైదరాబాద్ ఎంఎన్‌జేకో, నిమ్స్‌కో బస్సెక్కుతారు. ఆదోని వైపు వాళ్ళకు బళ్ళారి దారి ఉండనే ఉంది. పెద్దాసుపత్రి రిజిస్టరు ఒక్కటే పెట్టుకుని రేటు కడితే కర్నూలులో జబ్బు ఎక్కువ, హిందూపురంలో జబ్బే లేదు అని వస్తుంది. ఆ కాగితం చూసి హిందూపురానికి కుర్చీలు వద్దంటారు. నాకు భయమంతా అక్కడే.

ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 1981లో జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమం మొదలుపెట్టిన నాటి నుంచి జనాభా ఆధారిత రిజిస్ట్రీకి ఒకటే సూత్రం: పైనున్న కేసులూ, కిందున్న జనాభా ఒకే మనుషులవి అయ్యుండాలి. అంటే ఈ జిల్లాల్లో కనీసం ఏడాదిగా కాపురం ఉంటున్నవాళ్ళ కేసులు, యాడ వైద్యం చేయించుకున్నా సరే, ఇక్కడి లెక్కలోకే రావాలి. బళ్ళారి నుంచి కర్నూలుకు వచ్చి చూపించుకున్న మనిషి ఎంత పెద్ద కేసైనా మన రేటులోకి రాకూడదు. ఆయన మంచం లెక్కలోకి మాత్రం వస్తాడు. రేటుకు ఒక పట్టిక, పనిభారానికి ఇంకో పట్టిక. ఈ రెండూ మొదటిరోజు నుంచే వేరు చెయ్యండి.

కేసులు వాటంతట అవి రావు, మనిషి పోయి తెచ్చుకోవాలి. పాథాలజీ, హెమటాలజీ ల్యాబులు, మెడికల్ రికార్డు గదులు, అంకాలజీ ఓపీ పుస్తకాలు, పైచెప్పిన బయటి ఊర్ల ఆసుపత్రులు, క్లెయిములు, మరణాల రిజిస్టర్లు. వీటిలో రక్త క్యాన్సర్లకు అన్నిటికంటే గట్టి వనరు ఫ్లో సైటోమెట్రీ (యంత్రంతో రక్తకణాల రకం తేల్చే పరీక్ష) ల్యాబులు. అక్యూట్ (వేగంగా ముదిరే) ల్యుకేమియా అని సందేహం వచ్చిన నమూనా ఏ ఊరిదైనా చివరికి హైదరాబాద్, బెంగళూరులలోని కొద్ది ల్యాబులకే కొరియర్లో చేరుతుంది. చిక్కేందంటే, వాళ్ళ రిక్విజిషన్ కాగితం మీద డాక్టరు పేరు, ఆసుపత్రి పేరు ఉంటాయి గానీ రోగి ఊరు ఉండదు. నమూనా పంపే చోటే మండలం పేరు రాయించే అలవాటు చేస్తే ఆరు నెలల తిరుగుడు తప్పుతుంది.

స్లైడ్_కింద · సోమవారం, మధ్యాహ్నం 1.20

ముందు ఏది లెక్కలోకి వస్తుందో తేల్చుకోండి. క్లెయిముల్లో సీ81 నుంచి సీ96 దాకా ఐసీడీ-10 (జబ్బుల అంతర్జాతీయ జాబితా) కోడ్లు మాత్రమే వడపోస్తే హాడ్జ్‌కిన్, ఇతర లింఫోమాలు (లింఫ్ కణుపుల క్యాన్సర్లు), మైలోమా (మజ్జలోని ప్లాస్మా కణాల క్యాన్సర్), ల్యుకేమియాలు వస్తాయి. ఎండీఎస్ (మజ్జలో రక్తకణాలు సరిగా తయారుకాని జబ్బు) డీ46లో, పాలీసైథీమియా వీరా (ఎర్రకణాలు మితిమీరి పెరిగే జబ్బు) డీ45లో ఉంటాయి కాబట్టి అవి జారిపోతాయి. ఐసీడీ-ఓ (క్యాన్సర్లకు విడిగా ఉన్న కోడ్ల పుస్తకం) మూడో ముద్రణలో అవి కూడా /3 ప్రవర్తన కోడుతో క్యాన్సర్లే. రక్తం ఎక్కించుకోవడానికి నెలనెలా వచ్చే పెద్దవయసు వాళ్ళలో ఎండీఎస్ ఉంటుంది. దాన్ని వదిలేస్తే బ్లడ్ బ్యాంకు లెక్క మొత్తం తప్పుతుంది.

అందుకని కోడింగు మార్ఫాలజీతో, అంటే కణం రూపాన్ని బట్టి చెయ్యాలి. సీఎంఎల్ (నెమ్మదిగా ముదిరే మైలాయిడ్ ల్యుకేమియా), దాని గుర్తైన బీసీఆర్-ఏబీఎల్ జన్యువు ఉన్నది 9875/3, ఏపీఎల్ (ఏఎంఎల్‌లో రక్తస్రావంతో వచ్చే ఒక రకం) 9866/3, మిగతా రకం చెప్పని ఏఎంఎల్ (అక్యూట్ మైలాయిడ్ ల్యుకేమియా) 9861/3, మైలోమా 9732/3, సీఎల్ఎల్ (నెమ్మదిగా ముదిరే లింఫోసైట్ల ల్యుకేమియా) 9823/3, డిఫ్యూజ్ లార్జ్ బీ-సెల్ లింఫోమా 9680/3. రకం తేలనివాటికి ల్యుకేమియా అయితే 9800/3, లింఫోమా అయితే 9590/3. ఈ చివరి రెండు కోడ్లు మొత్తంలో ఎంత శాతమో మండలాల వారీగా, ఆసుపత్రుల వారీగా ఒక పట్టిక వెయ్యండి. ఎక్కువగా ఉన్నచోట జబ్బు సంగతి తర్వాత, ముందు అక్కడ పరీక్ష అందడం లేదని అర్థం. ప్రణాళికకు అదే మొదటి ఫలితం.

స్థానం కోడు విషయంలో ఒక సాధారణ తప్పు: ల్యుకేమియా, మైలోమాలకు సీ42.1, అంటే ఎముక మజ్జ. లింఫోమాకు గడ్డ తీసిన లింఫ్ కణుపు, సీ77. మజ్జలో కూడా లింఫోమా కనిపించిందని రాసిన రిపోర్టు చూసి ఆపరేటర్ రెండో కేసు తెరుస్తాడు. అది అదే జబ్బు పాకడం. సీఎంఎల్ ముదిరి, పచ్చి కణాలు (బ్లాస్టులు) పెరిగే బ్లాస్ట్ క్రైసిస్‌లోకి పోయినా కొత్త కేసు కాదు. జబ్బు తిరగబెట్టినా కాదు. తేదీకి కూడా ఒక నియమం పెట్టుకోండి: జబ్బును మొదట నిర్ధారించిన నమూనా తీసిన తేదీ. వైద్యం మొదలైన తేదీ వేస్తే డిసెంబరు కేసులు తర్వాతి ఏడాదిలోకి దొర్లుతాయి.

ఇంక లెక్కలోకే రాని కేసుల సంగతి. మెడలో గడ్డలు, సాయంత్రం జ్వరం అంటే బయాప్సీ లేకుండా టీబీ మందులు మొదలవుతాయి, లింఫోమా ఆరు నెలలు వెనకబడుతుంది. పిల్లలకు కీళ్ళ నొప్పులు, జ్వరం అని స్టెరాయిడ్ ఇస్తే ఏఎల్ఎల్ (పిల్లల్లో ఎక్కువగా వచ్చే అక్యూట్ ల్యుకేమియా) కొన్నాళ్ళు కనపడకుండా పోతుంది. అప్పుడు మజ్జ తీసినా బ్లాస్టులు సరిగా దొరకవు. రక్తకణాలు మూడు రకాలూ తగ్గితే బీ12 లోపమనుకుని సూదులు వేస్తారు. బీ12 లోపం మన దగ్గర మామూలే కాబట్టి అది తప్పని అనలేం. కానీ మూడు వారాల్లో లెక్క పెరగకపోతే మజ్జ చూడాలన్న గీత ఒకటి ఉండాలి.

అనంతపురం ఫ్లోరైడ్ ప్రాంతాల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అక్కడ నడుం నొప్పి, ఎముకల నొప్పి అంటే ఫ్లోరోసిస్ ఖాతాలోనే పడుతుంది. ఎక్స్‌రేలో ఫ్లోరోసిస్ ఎముక చిక్కబడి తెల్లగా కనిపిస్తుంది. మైలోమాలో ఎముకను కొరికేసినట్టు చిల్లులు కనిపిస్తాయి. 50 దాటిన మనిషికి నడుం నొప్పితో పాటు హిమోగ్లోబిన్ తక్కువ, క్రియాటినిన్ (మూత్రపిండాల పనిని చెప్పేది) ఎక్కువ ఉంటే సీరం ఎలక్ట్రోఫోరెసిస్ (రక్తంలో మైలోమా ప్రోటీన్ పట్టే పరీక్ష) చేయించకుండా పంపకూడదు. మైలోమా రేటు తక్కువగా వచ్చిన మండలంలో డయాలసిస్ రోగుల జాబితా తీసి చూడండి. తప్పిపోయినవాళ్ళలో కొందరు అక్కడ దొరుకుతారు.

మండల_లెక్క · సోమవారం, మధ్యాహ్నం 2.05

చాలా ఉపయోగం మేడం. ఒకే మనిషి నాలుగు చోట్ల నమోదైతే ఒకడిగా ఎట్లా కలపాలి? క్లెయిముల్లో ఒక్కో కీమో సైకిల్‌కు ఒక్కో వరుస ఉంది.

కొండారెడ్డిబురుజు · సోమవారం, సాయంత్రం 6.30

క్లెయిము వరుస అంటే ఒక ప్యాకేజీ, అది మనిషి కాదు. ఏఎల్ఎల్ బిడ్డకు రెండున్నర, మూడేళ్ళ వైద్యంలో పదుల వరుసలు వస్తాయి. రేషన్ కార్డు నంబరు పెట్టి కలిపితే ఇంకో గొయ్యి: ఆ నంబరు కుటుంబానిది. ఒకే కార్డులో తాతకు మైలోమా, మనవడికి ల్యుకేమియా ఉంటే ఇద్దరూ ఒకరై కూర్చుంటారు. కార్డు నంబరుతో పాటు వయసు, లింగం చూడాలి.

పేర్ల దగ్గర ఓపిక కావాల. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట పొడి అక్షరం. షేక్ అని ఒక రికార్డులో, ఎస్.కె. అని మరోదాంట్లో. లక్ష్మీదేవి, లక్ష్మీదేవమ్మ, లక్ష్మమ్మ ముగ్గురూ ఒకరే కావచ్చు. అక్షరాలు పోల్చే బదులు పలుకుబడితో పోల్చే కీ తయారుచేసుకోండి: ఒత్తులు, దీర్ఘాలు తీసేసి, చివర అమ్మ, అప్ప, రెడ్డి, బీ లాంటివి విడిగా పెట్టి, మిగిలిన హల్లులు చూడండి. దానికి తోడు వయసు రెండేళ్ళు అటుఇటు, తండ్రి లేదా భర్త పేరు, మండలం, జబ్బు గుంపు. వీటిలో నాలుగు కలిస్తే ఒకరే అనుకోవచ్చు, మూడే కలిస్తే మనిషి చూసి తేల్చాలి. యంత్రానికి వదలొద్దు. ఊరి పేరు ఒక్కటే నమ్మొద్దు, కొత్తపల్లెలు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు.

సాఫ్ట్‌వేర్ కొనాల్సిన పని లేదు. ఐఏఆర్‌సీ (అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ) వాళ్ళ కాన్‌రెగ్5 ఉచితం. నకళ్ళ వెతుకులాట, వయసుకూ కోడుకూ పొంతన పరీక్ష అందులోనే ఉన్నాయి.

ఇంకోటి, ప్రాంతం కోడు మండలం దగ్గర వెయ్యండి, జిల్లా దగ్గర వద్దు. 2022 ఏప్రిల్ 4న కర్నూలు నుంచి నంద్యాల, అనంతపురం నుంచి శ్రీసత్యసాయి విడిపోయాయి. అన్నమయ్య జిల్లాలోకి కడప మండలాలతో పాటు చిత్తూరు వైపువి కూడా వచ్చాయి. మండలం కోడుంటే సరిహద్దులు ఎన్నిసార్లు మారినా పాత ఏళ్ళను కొత్త జిల్లాలకు మళ్ళీ కూర్చుకోవచ్చు.

హిందూపురం_బస్సు · సోమవారం, రాత్రి 8.10

అడ్రస్ సంగతి ఒకటి చెప్తా. బెంగళూరులో చూపించుకునే మనోళ్ళు శానామంది అక్కడి బంధువుల ఇంటి అడ్రస్ ఇస్తారు. ఫోన్ చేస్తే దొరకాలని, తొందరగా చూస్తారని. అట్లా రాస్తే ఆ కేసు బెంగళూరు రిజిస్ట్రీ జనాభాలో పడుతుంది, హిందూపురం ఖాతాలో సున్నా. ‘మీ అడ్రస్ ఏంది’ అని అడిగితే ఎప్పటికీ సరైన జవాబు రాదు. ‘పోయిన ఏడాదంతా యాడ ఉన్నారు, రేషన్ యాడ తీసుకుంటారు, ఓటు యాడ ఉంది’ అని మూడు ప్రశ్నలు అడగాల. మొదటిదానికే విలువ, తక్కిన రెండూ సరిచూసుకోవడానికి.

కోసిగి, మంత్రాలయం వైపు నుంచి మిరప కోతలకు గుంటూరు వలసపోయేవాళ్ళది ఇంకో రకం. వాళ్ళు నాలుగైదు నెలలు అక్కడుంటారు. జబ్బు గుంటూరులో బయటపడినా కాపురం కోసిగే. గుంటూరు పెద్దాసుపత్రి రికార్డులు మన జాబితాలో లేకపోతే వాళ్ళు ఏ లెక్కలోనూ ఉండరు.

చిత్రావతి · మంగళవారం, ఉదయం 6.50

పైనున్న సంఖ్య గురించి అందరూ చెప్పారు, కింది సంఖ్య గురించి నేను చెప్తాను.

2021 జనగణన జరగలేదు. తర్వాతిదానికి ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. అంతవరకు అంచనా జనాభానే గతి. అంచనా కట్టేటప్పుడు మొత్తం ఒక్కటే పెంచి వయసుల వాటాలు 2011వే ఉంచితే పెద్ద తప్పు జరుగుతుంది. అప్పటికీ ఇప్పటికీ ఆంధ్రలో కాన్పులు తగ్గాయి, పిల్లల వాటా తగ్గింది, ముసలివాళ్ళ వాటా పెరిగింది. పాత వాటాలతో భాగిస్తే లేని పిల్లలను లెక్కలో పెట్టినట్టు, కాబట్టి ఏఎల్ఎల్ రేటు ఉన్నదానికంటే తక్కువ వస్తుంది. ఉన్న ముసలివాళ్ళను వదిలినట్టు, కాబట్టి మైలోమా, ఎండీఎస్ రేట్లు ఎక్కువ వస్తాయి. 2020లో వచ్చిన జనాభా అంచనాల సాంకేతిక బృందం నివేదికలో రాష్ట్రానికి వయసుల వారీ సంఖ్యలు 2036 దాకా ఉన్నాయి. రాష్ట్రంలో మీ జిల్లా వాటా 2001లో ఎంత, 2011లో ఎంత చూసి, ఆ నిష్పత్తితో దించుకోండి.

జిల్లాలను పోల్చడానికి వయసు సవరించిన రేటు కావాలి, అంటే అన్నిచోట్లా వయసుల వాటాలు ఒకటే అనుకుని కట్టే రేటు. ప్రపంచ ప్రామాణిక జనాభాలో లక్షకు 0–4 ఏళ్ళవాళ్ళు 12,000, 5–9 వాళ్ళు 10,000, 60–64 వాళ్ళు 4,000, 70–74 వాళ్ళు 2,000. ప్రతి వయసు రేటునూ దాని బరువుతో గుణించి కూడాలి. అయితే గుర్తుంచుకోండి, మంచాలు లెక్కించడానికి ఈ సవరించిన రేటు పనికిరాదు. మంచం మీద పడుకునేది నిజం మనిషి, ప్రామాణిక మనిషి కాదు. పోల్చడానికి సవరించిన రేటు, సేవలకు ముడి సంఖ్య.

చిన్న సంఖ్యలు. ఒక మండలంలో అయిదేళ్ళకు 4 కేసులు వచ్చాయనుకుందాం. అసలు సంఖ్య ఉండగల 95 శాతం హద్దులు 1.1 నుంచి 10.2 దాకా పోతాయి. సున్నా వచ్చినా పై హద్దు 3.7. కాబట్టి ‘ఈ మండలంలో రెట్టింపు ఉంది’ అని రంగుల పటం వేస్తే అది వట్టి ఊగిసలాటకు వేసిన రంగు. ప్రామాణిక దోషం (రేటు అటుఇటు ఊగే మేర) దాదాపు ఒకటిని కేసుల వర్గమూలంతో భాగించినంత: 16 కేసులకు 25 శాతం, 100 కేసులకు 10 శాతం. 16 కంటే తక్కువ కేసులున్న గడిలో రేటు రాయకండి. మండలాలను రెవెన్యూ డివిజన్లుగా, ఏళ్ళను అయిదేసిగా కలపండి.

ఎన్ని తప్పిపోయాయో కొలవడానికి రెండు జాబితాల పద్ధతి ఉంది. పద్ధతి చూపడానికి ఊహా సంఖ్యలు: ల్యాబుల జాబితాలో 120 మంది, క్లెయిముల్లో 90 మంది, రెండింటిలోనూ ఉన్నది 60 మంది. కనపడిన మొత్తం 150. అంచనా: 121ని 91తో గుణించి 61తో భాగించి ఒకటి తీసేస్తే సుమారు 180. అంటే 30 మంది ఏ జాబితాలోనూ లేరు, పరిపూర్ణత 83 శాతం. కానీ ఈ రెండు జాబితాలూ స్వతంత్రం కావు. ల్యాబు రిపోర్టు లేకుండా క్లెయిము మంజూరు కాదు. అట్లా ముడిపడినప్పుడు ఈ సూత్రం తక్కువ చేసి చూపిస్తుంది, నిజంగా తప్పిపోయినవాళ్ళు 30 కంటే ఎక్కువ ఉంటారు. మూడో జాబితాగా మరణాలు కలిపితే కొంత నయం.

ఇంకా సులభమైన పరీక్ష ఒకటుంది. మైలోమా రేటు వయసుతో పెరుగుతూ పోవాలి. మీ గీత 65 దగ్గర వంగి కిందికి దిగిందంటే ముసలివాళ్ళకు పరీక్ష జరగడం లేదు. ‘వయసైపోయింది, ఇంగ యాడ తిప్పుతాం’ అని ఇంట్లో ఉంచేసినవాళ్ళు ఆ వంపులో ఉన్నారు.

చివరగా, పోయిన ఏడాది సంఖ్యను ముందటి ఏడాదితో పోల్చి తగ్గిందని ఎవరికీ చెప్పకండి. బయటి ఊర్ల రికార్డులు చేరడానికి ఏడాదిన్నర, రెండేళ్ళు పడుతుంది. తాజా ఏడాది ఎప్పుడూ తక్కువగానే కనిపిస్తుంది.

మండల_లెక్క · మంగళవారం, ఉదయం 10.00

మరణాల జాబితా అంటే పంచాయతీ కార్యదర్శుల దగ్గరుండేదేనా? అందులో కారణం ఉంటుందా అక్కా?

కొండారెడ్డిబురుజు · మంగళవారం, ఉదయం 11.25

ఆసుపత్రిలో చనిపోతే ఫారం 4, ఇంట్లో చనిపోతే ఫారం 4ఏ, అవి డాక్టరు రాయాలి. ఫారం 4 చాలాచోట్ల ‘గుండె, శ్వాస ఆగిపోవడం’ దగ్గరే ఆగిపోతుంది. అది చనిపోయిన తీరు, కారణం కాదు. కింది వరుసలో మూల కారణం రాయాలి: సెప్సిస్, దానికి కారణం తెల్లకణాలు పడిపోవడం, దానికి కారణం ఏఎంఎల్. ‘బ్లడ్ క్యాన్సర్’ అని మాత్రమే రాస్తే సీ95.9లోకి పోతుంది, రకం ఎప్పటికీ తెలియదు. వార్డు డ్యూటీ డాక్టర్లకు అరగంట కూర్చోబెట్టి చూపిస్తే ఇది మారుతుంది.

ఇంటి మరణాలకు ఆశా, ఏఎన్ఎంలను అడగాలి. మరణంలోనే మొదట కనపడిన పేరును వెనక్కి వెతుకుతూ ల్యాబు రికార్డు దాకా పోవాలి. ఎంత వెతికినా దొరక్కపోతే మరణ తేదీనే జబ్బు తేదీగా వేసి, మరణ పత్రం ఆధారం మాత్రమే అని గుర్తు పెట్టండి. ఈ గుర్తున్నవి ఒక్కటీ లేవంటే సంతోషపడొద్దు, మరణాల రిజిస్టరు ఎవరూ తెరవలేదని అర్థం.

పులివెందుల_రోడ్డు · మంగళవారం, మధ్యాహ్నం 12.40

అందరికీ నమస్కారం. వేముల మండలం తుమ్మలపల్లె యురేనియం గని చుట్టుపక్కల ఊర్లలో బ్లడ్ క్యాన్సర్లు ఎక్కువైనాయని జనం అనుకుంటున్నారు. మీ లెక్కతో అది ఔనో కాదో తేలుతుందా?

చిత్రావతి · మంగళవారం, సాయంత్రం 5.15

అడగాల్సిన ప్రశ్నే అడిగారన్నా. తేల్చడం ఎంత కష్టమో చూపిస్తాను, దాటవేస్తున్నానని అనుకోవద్దు.

ఊహకు 30,000 జనాభా ఉన్న ప్రాంతం తీసుకోండి. ల్యుకేమియా లక్షకు ఏడాదికి 4 అనుకుంటే అక్కడ ఏడాదికి 1.2, పదేళ్ళకు 12 కేసులు మామూలుగానే రావాలి. 12 రావాల్సిన చోట 18 వచ్చాయనుకుందాం. 18కి 95 శాతం హద్దులు 10.7 నుంచి 28.4. వాటిని 12తో భాగిస్తే 0.89 నుంచి 2.37. ఒకటి ఆ మధ్యలోనే ఉంది కాబట్టి ఎక్కువ ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం. నిజంగానే ఒకటిన్నర రెట్లు ప్రమాదం ఉన్నా పదేళ్ళ లెక్క దాన్ని పట్టుకోలేకపోవచ్చు. ‘తేడా కనపడలేదు’ అనే మాటను ‘ప్రమాదం లేదు’ అని ఎవరైనా చదివితే ఆపండి.

ఇంకో వైపు కూడా చూడాలి. మూడు జిల్లాల్లో 160కి పైగా మండలాలున్నాయి. జబ్బు అన్నిచోట్లా సమానంగా ఉన్నా, పై హద్దు దాటినట్టు కనపడే మండలాలు దాదాపు నాలుగు ఉంటాయి. అందుకే కేసులు చూసిన తర్వాత వాటి చుట్టూ గీత గీయకూడదు. ముందే రాసుకోవాలి: ఏ ఊర్లు, గని నుంచి ఎన్ని కిలోమీటర్లు, ఏ ఏళ్ళు, ఏ రకాలు. ఆ తర్వాతే పెట్టె తెరవాలి.

స్లైడ్_కింద · మంగళవారం, సాయంత్రం 6.00

రకాలు విడదీయడం ఇక్కడ చాలా ముఖ్యం. రేడియేషన్ వల్ల ల్యుకేమియా పెరుగుతుందని హిరోషిమా, నాగసాకి బాధితుల్లో తెలిసింది. అందులోనూ అక్యూట్ రకాలు, సీఎంఎల్ ముందుంటాయి, సీఎల్ఎల్ వెనకబడుతుంది. అన్నీ ‘బ్లడ్ క్యాన్సర్’ అని కలిపేస్తే ఉన్న సంకేతం కూడా పలచబడుతుంది. నీళ్ళలో యురేనియం ఉంటే మొదట దెబ్బతినేది మూత్రపిండాలు, అదీ రసాయన గుణం వల్ల. తాగేనీటికి డబ్ల్యూహెచ్‌ఓ సూచించిన హద్దు లీటరుకు 30 మైక్రోగ్రాములు. కాబట్టి ఆ ఊర్లకు ల్యుకేమియా లెక్క తేలేదాకా ఆగకుండా బోర్ల నీళ్ళ పరీక్ష, క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ పరీక్ష ముందు జరగాలి. జబ్బు లెక్కకు పదేళ్ళు పడుతుంది, నీళ్ళ పరీక్షకు వారం చాలు.

నిర్వాహకులు · మంగళవారం, రాత్రి 7.30

ఊరి పేరుతో పాటు రోగి వయసు, జబ్బు కలిపి ఎవరూ పెట్టకండి. చిన్న ఊరిలో ఆ మూడూ కలిస్తే పేరు రాసినట్టే. అట్లాంటి రెండు వ్యాఖ్యలు తీసేశాం.

గండికోట77 · బుధవారం, ఉదయం 8.20

లెక్క వచ్చాక దాన్ని సేవగా మార్చడం గురించి రాస్తాను. ఒక్కో జబ్బుకు ఒక్కో రకం సంఖ్య కావాలి. ‘రక్త క్యాన్సర్ లక్షకు ఇంత’ అన్న ఒక్క సంఖ్యతో ఏ స్టోరూ నడవదు. కింది కేసుల సంఖ్యలన్నీ పద్ధతి కోసం వేసుకున్నవే, మీ సంఖ్యలు మీరు పెట్టుకోండి.

ఏఎంఎల్ మంచాల జబ్బు. ఇండక్షన్‌కు (మొదటి విడత గట్టి కీమో) నెల రోజుల పడక. ఏడాదికి 40 మంది అయితే 1,200 మంచం-రోజులు. 365తో భాగిస్తే 3.3. మంచాలు 80 శాతమే నిండుతాయనుకుంటే 4.1, అంటే 5. తర్వాతి సైకిళ్ళు, జ్వరంతో తిరిగొచ్చేవాళ్ళు దీనికి అదనం. సగటుకు మంచాలు పెడితే ఒకే వారంలో ముగ్గురొచ్చినప్పుడు ఇద్దరు కారిడార్లో ఉంటారు. తెల్లకణాలు లేని మనిషి కారిడార్లో ఉండకూడదు.

దీనికి ప్లేట్‌లెట్లు తోడు. ఒక్కో ఇండక్షన్‌కు 10 సింగిల్ డోనర్ (ఒకే దాత నుంచి తీసిన) సంచులు అనుకుంటే 400, వారానికి 8. నిల్వ 20–24 డిగ్రీల్లో, ఊగే బల్ల మీద, 5 రోజులే. ఏడాది లెక్క వేసి కొనిపెట్టుకునే సరుకు కాదు. శని, ఆదివారాల్లో దాతలను పిలిచే ఏర్పాటు లేకపోతే సోమవారానికి సున్నా. వానలు పడ్డాక డెంగీ జ్వరాలతో పోటీ వస్తుంది, ఆ నెలలకు విడిగా లెక్క వేసుకోండి.

సీఎంఎల్‌కు కొత్త కేసుల సంఖ్యతో పని తక్కువ. ఇమాటినిబ్ మాత్ర వచ్చాక జనం ఏళ్ళ తరబడి బతుకుతున్నారు, కావాల్సింది ఇప్పుడు ఎంతమంది మందు మీద ఉన్నారన్నది. ఏడాదికి 60 కొత్త కేసులు, సగటున 15 ఏళ్ళు మందు అనుకుంటే చివరికి 900 మంది. ఒక్కొక్కరికి రోజుకు 400 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, ఏడాదికి 365. అంటే 3,28,500 మాత్రలు. మూడు నెలలకొకసారి బీసీఆర్-ఏబీఎల్ కొలత అయితే 3,600 పరీక్షలు. 60 చూసి బడ్జెట్ వేసినవాడికి రెండో ఏడాదే మందు అయిపోతుంది. ఈ 900 మంది నెలనెలా కర్నూలుకో బెంగళూరుకో రానక్కర్లేదు. కడప, అనంతపురం, హిందూపురం, ఆదోనిలో మందు చేతికిచ్చి, నమూనా తీసి పంపితే చాలు. కూలి పోతుందని మందు మానేసేవాళ్ళు దీనితోనే తగ్గుతారు.

ఏఎల్ఎల్ పిల్లలకు మొదటి ఆరు, ఎనిమిది నెలలు పెద్ద ఆసుపత్రి తప్పదు. తర్వాత జబ్బు తిరగబెట్టకుండా రెండేళ్ళ మెయింటెనెన్స్, రోజూ 6-ఎంపీ మాత్ర, వారానికోసారి మెథోట్రెక్సేట్ మందు, నెలకోసారి సీబీసీ (రక్తకణాల లెక్క). ఏడాదికి 80 మంది ఆ దశకు చేరితే ఎప్పుడు చూసినా 160 మంది, నెలకు 160 సందర్శనలు. ఇది జిల్లాలో జరిగే పని.

మైలోమా కుర్చీల జబ్బు. బోర్టెజోమిబ్ సూది ఒంటి వైశాల్యంలో చదరపు మీటరుకు 1.3 మిల్లీగ్రాములు, 1.5 చదరపు మీటర్ల మనిషికి 1.95. అంటే 2 మిల్లీగ్రాముల వయల్ ఒకటి సరిపోతుంది. 3.5 వయల్ కొంటే 1.5 వృథా. కొనాల్సి వస్తే ముగ్గురిని ఒకే రోజు పిలవండి, రెండు వయళ్ళు చాలు. ఆ సూది అరగంట పని, లింఫోమాకిచ్చే రిటుక్సిమాబ్ మొదటిసారి ఎక్కించడం నాలుగు నుంచి ఆరు గంటలు. కాబట్టి కుర్చీలను రోగుల సంఖ్యతో కాకుండా గంటలతో కట్టండి: రోజుకు 6 గంటలు, ఏడాదికి 250 రోజులు, 80 శాతం వాడకం అంటే ఒక కుర్చీకి 1,200 గంటలు. 2025–26 కేంద్ర బడ్జెట్‌లో అన్ని జిల్లా ఆసుపత్రుల్లో మూడేళ్ళలో డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు పెడతామన్నారు. అడిగేవాళ్ళు గంటల లెక్కతో అడిగితే బలంగా ఉంటుంది.

స్లైడ్_కింద · బుధవారం, ఉదయం 9.45

గండికోట గారూ, ఏపీఎల్ వదిలేశారు. దానికి ఏడాది సంఖ్య అక్కర్లేదు, గంటలు కావాలి. రక్తస్రావంతో మొదటి రోజుల్లోనే పోతారు. స్మియర్లో (గాజు పలక మీద పరిచిన రక్తంలో) అనుమానం వస్తే జన్యుపరీక్ష కోసం ఆగకుండా ఏటీఆర్‌ఏ మందు మొదలుపెట్టాలి. రోజుకు చదరపు మీటరుకు 45 మిల్లీగ్రాములు, రెండు పూటలుగా. 1.5 చదరపు మీటర్ల మనిషికి 10 మిల్లీగ్రాముల క్యాప్సూళ్ళు రోజుకు 7, అయిదు రోజులకు 35. కర్నూలు, అనంతపురం, కడప మూడు చోట్లా 35 చొప్పున ఎప్పుడూ ఉండాలి. గడువు దగ్గరపడినవి వైద్యం నడుస్తున్న రోగులకు మళ్ళించి కొత్తవి పెట్టుకోండి. ‘కేసులు రావడం లేదు కదా, ఎందుకు కొనాలి’ అంటారు. స్మియర్ చూడకముందే పోయినవాళ్ళు కేసులుగా ఎట్లా వస్తారు?

గండికోట77 · బుధవారం, ఉదయం 10.30

ఒప్పుకుంటున్నా మేడం, చేరుస్తాను. అనంతపురంలో, కడపలో ఫ్లో సైటోమెట్రీ యంత్రం కూడా అడగమంటారా?

స్లైడ్_కింద · బుధవారం, మధ్యాహ్నం 12.15

వద్దనే నా అభిప్రాయం. ఆ యంత్రంలో వాడే యాంటీబాడీలకు గడువుంటుంది, రోజుకు ఒక నమూనా లేనిచోట అవి పారబోయడమే, చదివే చెయ్యి కూడా మొద్దుబారుతుంది. కర్నూలు స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ దగ్గర ఒకటి బలంగా పెట్టి, మిగతా చోట్ల డబ్బు మూడింటి మీద పెట్టండి: స్మియర్ చదవగల మనిషి, మజ్జ తీసే సూదులు, రోజూ నడిచే నమూనా బండి.

నమూనా నియమాలు గోడ మీద అతికించండి. ఫ్లోకు ఈడీటీఏ గొట్టం, గది ఉష్ణోగ్రతలో, 48 గంటల్లో చేరాలి, ఐసులో గడ్డకట్టించకూడదు. క్యారియోటైప్‌కు (క్రోమోజోముల పరీక్ష) సోడియం హెపారిన్ గొట్టం, ఈడీటీఏలో పంపితే కణాలు పెరగవు. ట్రెఫైన్ (సూదితో తీసిన మజ్జ ఎముక) ముక్క 10 శాతం బఫర్డ్ ఫార్మాలిన్‌లో. ఫార్మాలిన్ సీసానూ, ఆరబెట్టిన స్లైడ్లనూ ఒకే కవర్లో పెట్టొద్దు. ఆవిరి తగిలితే స్లైడ్లకు రంగు సరిగా పట్టదు, ఆ రోగికి మళ్ళీ సూది గుచ్చాలి. శుక్రవారం సాయంత్రం పంపిన నమూనా ఆదివారం కొరియర్ గదిలో చస్తుంది, సోమవారం నుంచి గురువారం లోపలే తీయండి. అక్యూట్ అని అనుమానం ఉంటే మాత్రం వారం చూడొద్దు, మనిషినే పంపండి.

లింఫోమాకు సన్నసూది పరీక్షతో ఆగొద్దు. కణుపు మొత్తం తీసి, దాని పరిమాణానికి పదింతల ఫార్మాలిన్‌లో వేసి, ఇమ్యునో పరీక్ష (కణం రకం తేల్చేది) చేయించాలి. రకం తేలని లింఫోమాల (9590/3) శాతం తగ్గేది అక్కడే.

హిందూపురం_బస్సు · బుధవారం, రాత్రి 8.50

బండి దారి కూడా లెక్కలో రాయండన్నా. హిందూపురం నుంచి కర్నూలుకు నమూనా పంపేకంటే బెంగళూరుకు దగ్గర. జిల్లా గీత చూసి కర్నూలుకే పంపాలంటే 48 గంటల్లో సగం దోవలోనే పోతుంది. రాజంపేటకు తిరుపతి కూడా అంతే. నమూనా యాడికి పోయినా రిపోర్టు నకలు, మండలం కోడుతో, కర్నూలుకు చేరేట్టు చూసుకుంటే చాలు.

మండల_లెక్క · గురువారం, ఉదయం 7.15

అందరికీ వందనాలు. ఇట్లా మారుస్తున్నాను. మొదటి ఏడాది రేటు ప్రకటించను, కనపడిన కేసుల సంఖ్య, తప్పిపోయినవాటి అంచనా, రకం తేలని శాతం మాత్రం ఇస్తాను. రేటు అయిదేళ్ళు కలిపి, రెవెన్యూ డివిజన్ స్థాయిలో. సేవలకు ముడి సంఖ్యలు, జబ్బు వారీగా. ప్రతి కేసుకూ పేరు, ఇంటిపేరు విడిగా, తండ్రి లేదా భర్త పేరు, వయసు, లింగం, ఏడాదిగా ఉంటున్న మండలం కోడు, మొదటి నమూనా తేదీ, మార్ఫాలజీ కోడు, నిర్ధారణ ఆధారం, వైద్యం చేసిన చోటు, ఇప్పుడున్న స్థితి, ఆ స్థితి తెలిసిన తేదీ. ఇంకేమైనా ఉందా?

కొండారెడ్డిబురుజు · గురువారం, ఉదయం 8.05

ఒకటి చేర్చండి: మొదటి లక్షణానికీ మొదటి నమూనాకూ మధ్య ఎన్ని వారాలు పట్టింది. బండి ఏ ఊరికి ముందు పంపాలో అది చెప్తుంది. పేర్లున్న పట్టికనూ, జబ్బులున్న పట్టికనూ వేర్వేరు కంప్యూటర్లలో పెట్టి, మధ్య ఒక నంబరు మాత్రమే ఉంచండి. బెంగళూరు, వెల్లూరు, హైదరాబాద్ ఆసుపత్రులకు ఉత్తరాలు ఈ వారమే పోవాల. అనుమతులకే నెలలు పడతాయి.

మండల_లెక్క · గురువారం, ఉదయం 8.20

చేర్చాను సార్. ఉత్తరాల ముసాయిదా సాయంత్రానికి ఇక్కడే పెడతాను, దిద్దిపెట్టండి.